పీటర్ హెన్రీ ఎమర్సన్

ఎండ చక్కగా కాయుచున్న దినమున చెట్లు, చెఱువులు, పొలములు కన్నులపండువుగా నుండుననియు, మబ్బు క్రమ్మి మంచు కురియు దినమున చూడదగిన దేమియు నుండదనియు జనులు సామాన్యముగా తలతురు. ఛాయాచిత్రములు తీయువారిలో పలువురు చాలకాలము ఈ యభిప్రాయముతోనే యుండిరి. ఆకాశము మసకబాఱిన దినమున వారు కెమేరాను పెట్టెలోనుండి వెలికి తీయరైరి. అట్టి దినములందే కెమేరాను వెంటగొని చిత్తడి నేలలకు బయలుదేఱి, పొగమంచులోను నిశ్చలమైన నీటిలోను గల సౌందర్యమును లోకమునకు చూపినవాడు పీటర్ హెన్రీ ఎమర్సన్. ఆయన వైద్యవిద్య నభ్యసించి ఛాయాచిత్రకారు డయ్యెను. ఛాయాచిత్రణము ఉత్తమమైన కళ యని వాదించి పేరుగాంచెను. పిమ్మట తన వాదము తప్పని తోచగా, ఆ సంగతిని తానే లోకమునకు చాటెను.

ఎమర్సన్ 1856 వ సంవత్సరము మే నెల 13 వ తేదీన క్యూబా ద్వీపమున జన్మించెను. ఆయన తండ్రి అమెరికా దేశీయుడు, తల్లి ఆంగ్లవనిత. తండ్రికి ఆ ద్వీపమున చెఱకుతోట లుండెను. అమెరికాలో ప్రసిద్ధ గ్రంథకర్తయైన రాల్ఫ్ వాల్డో ఎమర్సన్ ఈ కుటుంబమునకు దూరపు బంధువు. బాలుని తొలియేండ్లు చెఱకుతోటల నడుమ, తీక్ష్ణమైన ఎండలో గడచెను. అమెరికాలో అంతర్యుద్ధము జరుగుచుండిన కాలమున అతడు కొన్నాళ్లు డెలవేర్ రాష్ట్రమందలి విల్మింగ్టన్ పట్టణమున నుండెను. తండ్రి మరణించిన పిమ్మట 1869 లో ఆ కుటుంబము ఇంగ్లండు చేరెను. ఉష్ణదేశమున పుట్టిన పదుమూడేండ్ల బాలుడు ఈ విధముగా మంచుదేశమున అడుగుపెట్టెను.

ఇంగ్లండులో ఎమర్సన్ క్రాన్లీ పాఠశాలలో చేరి, చదువునందును ఆటలయందును ముందు నిలిచెను. లండనులోని కింగ్స్ కళాశాలలో కొంతకాలము చదివి, 1879 లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన క్లేర్ కళాశాలలో ప్రవేశించెను. 1881 లో ఎడిత్ ఏమీ ఎయిన్స్‌వర్త్ అను కన్యను వివాహమాడెను. 1885 లో వైద్యపట్టము పొందెను. బంధువులందఱు ఆయన గొప్ప వైద్యుడగునని యెదురుచూచియుందురు. కాని విధి వేఱొక విధముగా నుండెను.

ఎమర్సన్‌కు పక్షులను పరిశీలించుట మిక్కిలి ప్రియము. పక్షిశాస్త్రము నెఱిగిన మిత్రు డొకనితో గూడి ఆయన తఱచుగా సరస్సుల వెంట, పొదల వెంట తిరుగుచుండెను. ఆ విహారములలో తోడుగా నుండుటకై 1882 ప్రాంతమున ఒక కెమేరా కొనెను. వేడుకకై కొన్న యా యంత్రము కొలదికాలములోనే ఆయన మనస్సును పూర్తిగా వశపఱచుకొనెను. 1885 లో లండనున కెమేరా క్లబ్బును స్థాపించినవారిలో ఆయనయు నొకడు. మఱుసటి సంవత్సరము ఫోటోగ్రాఫిక్ సొసైటీ కార్యవర్గమునకు ఎన్నికయ్యెను. ఆ తరువాత వైద్యవృత్తిని విడిచిపెట్టి, ఛాయాచిత్రణమునకును గ్రంథరచనకును తన కాలమును ధారవోసెను.

ఎమర్సన్ తన కార్యక్షేత్రముగా ఎన్నుకొనిన ప్రదేశమును గూర్చి కొంత తెలిసికొనుట యవసరము. లండను నగరమునకు ఈశాన్యదిశను సుమారు 100 మైళ్ల దూరమున నార్ఫోక్ అను మండలము కలదు. అందు బ్యూర్, యేర్, వేవెనీ మొదలగు నదులు మెల్లమెల్లగా ప్రవహించుచు సముద్రమున కలియును. ఆ నదులకు ప్రక్కల లోతులేని సరస్సు లనేకము లున్నవి. వానికి బ్రాడ్సు అని పేరు. ఎమర్సన్ కాలమున ఇవి ప్రకృతిసిద్ధమైన సరస్సు లని యందఱు నమ్ముచుండిరి. జాయిస్ లాంబర్ట్ అను వృక్షశాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు 1950 తరువాత జరిపిన పరిశోధనలవలన అసలు సంగతి బయటపడెను. ఆ నేలలో పీట్ అనబడు పదార్థము విస్తారముగా నుండెను. పీట్ అనగా, గడ్డియు నాచును ఎన్నో యేండ్లు నీట నాని, కుళ్లి, పొరలు పొరలుగా గట్టిపడగా ఏర్పడిన మన్ను. దానిని ఎండబెట్టి జనులు వంటచెఱకుగా వాడుకొనెడివారు. మధ్యయుగమున శతాబ్దములతరబడి త్రవ్విన ఆ గోతులలోనికి, సముద్రమట్టము పెరిగినపుడు నీరు చేరెను. ఆ గోతులే నేటి సరస్సులు.

ఆ సరస్సుల యొడ్డున దట్టముగా కిక్కిస పెరుగును. చలికాలమున దానిని కోసి, మోపులు కట్టి, పడవలపై చేరవేసి, ఇండ్లు కప్పుటకు అమ్ముదురు. మలుగు చేపలు పట్టుట, నీటిపక్షులను వేటాడుట, పశువులకు గడ్డి కోయుట ఆ ప్రాంతపు పేదల వృత్తులు. మోకాలిలోతు చలినీటిలో నిలిచి ఉదయమునుండి సాయంకాలమువఱకు పనిచేసినను వారికి కడుపునిండ తిండి లభించుట కష్టము. సంపన్ను లా ప్రదేశమును విహారస్థలముగా చూచిరి. ఎమర్సన్ అక్కడి కష్టజీవులతో కలిసిమెలిసి తిరిగి, వారి మాటతీరును, పనిముట్లను, కష్టసుఖములను తెలిసికొనెను. తన పుస్తకములందు ఆ ప్రజల దైన్యమును గూర్చియు దాపఱికము లేక వ్రాసెను.

ఆ సరస్సులలోనే ఆయనకు టి. ఎఫ్. గూడాల్ అను చిత్రకారునితో స్నేహము కలిగెను. వారిరువురును కలిసి 1886 లో నార్ఫోక్ సరస్సుల జీవితమును, ప్రకృతిని వర్ణించు నొక గొప్ప గ్రంథమును సిద్ధపఱచిరి. అందు 40 ఛాయాచిత్రములు కలవు. ఆ చిత్రములలో కలువలు కోయు దంపతుల చిత్రము నేటికిని ప్రసిద్ధమైనది. పురుషుడు తెడ్లు పట్టి పడవను నిలిపియుంచెను. స్త్రీ పడవ యంచునుండి వంగి కలువపూవును అందుకొనుచున్నది. పడవచుట్టును వెడల్పైన ఆకులు తేలుచున్నవి. ఆకుల నడుమ నీటిలో పడవనీడ నిలిచియున్నది. అందు వేషము లేదు, నటన లేదు.

ఆ చిత్రము విలువ తెలియవలెనన్న, నాటి ఛాయాచిత్రకారుల పద్ధతిని ఎఱుగవలెను. ఛాయాచిత్రమునకు చిత్రలేఖనముతో సమానమైన గౌరవము కలుగవలెనన్న, అది రంగులచిత్రమువలె కల్పితమై యుండవలెనని వారిలో ముఖ్యులు భావించిరి. హెన్రీ పీచ్ రాబిన్సన్ అను ప్రసిద్ధుడు 1858 లో, మరణశయ్యపై నున్న ఒక బాలికయు, ఆమె చుట్టును చేరిన బంధువులును గల చిత్రమును సిద్ధపఱచెను. అది యొక్క చిత్రము గాదు. వేర్వేఱుగా తీసిన అయిదు నెగెటివులను అతికి అచ్చొత్తినది. మఱికొందఱు కూలిబట్టలు కట్టించిన పట్టణపు పడుచులను పొలములో నిలిపి చిత్రములు తీసిరి. ఆ కాలపు గాజుఫలకలు ఆకాశపు నీలివన్నెను త్వరగా గ్రహించుటచే, చిత్రమున ఆకాశము ఏమియు లేక తెల్లగా వచ్చెడిది. అందుచేత కొందఱు మేఘముల నెగెటివులను వేఱుగా దాచియుంచుకొని, ఒకే మేఘమును పలుచిత్రములపై అతికెడివారు. ఈ కల్పనలు ఎమర్సన్‌కు రోత పుట్టించెను. కన్ను చూచినదానిని కన్ను చూచినట్లే చూపవలెనని ఆయన 1886 లో కెమేరా క్లబ్బున నుపన్యసించెను.

ఇట్టి సత్యనిష్ఠ గలవానికి పొగమంచు పరమమిత్రమయ్యెను. పొగమంచనగా గాలిలో తేలియాడు అతిసూక్ష్మములైన నీటిబిందువుల సమూహము. సూర్యకిరణములు ఆ బిందువులకు తాకి నానాదిక్కులకు చెదరిపోవును. అందువలన వెలుగు అన్ని ప్రక్కలనుండియు వచ్చినట్లుండును. గాఢమైన నీడలు పడవు. దగ్గఱనున్న చెట్టు నల్లగాను, దానికి వెనుకనున్న గాలిమర బూడిదవన్నెగాను, అంతకు దూరమున నున్న గట్టు తెలుపులో కలిసిపోయినట్లుగాను కనబడును. దూర మెంతయో ఆ వన్నెల తారతమ్యమే తెలుపును. ఎండలో వస్తువులన్నియు ఒక్కమాఱు కన్నులబడి మనస్సును చెదరగొట్టును. మంచులో ఏ యొక్కటియో రెండో మాత్రమే ముందునకు వచ్చి తక్కినవి వెనుకకు తగ్గును. ఆకాశము నిజముగనే తెల్లగా నుండును గనుక, దానిపై మేఘముల నతుకవలసిన పనియే లేదు.

గాలి కదలని మంచుదినమున సరస్సు అద్దమువలె నుండును. ఐనను నీటిలోని ప్రతిబింబము ఒడ్డున నున్న వస్తువునకు అచ్చమైన నకలు గాదు. నీటిపై పడిన వెలుగులో కొంత లోనికి పోయి, కొంత మాత్రమే తిరిగి మన కంటికి చేరును. కావున తెల్లనివస్తువు నీటిలో కొంచెము మాసినట్లు కనబడును. వంతెనపై భాగము మన కంటికి కనబడగా, దాని కమాను అడుగుభాగము నీటిలో కనబడును. ఈ భేదములను చక్కగా గమనించి తీసిన చిత్రమున నీరు నీరుగానే కనబడును. వస్తువుల నునుపు గరుకులును అట్టి వెలుగులో వింతగా తెలియును. కిక్కిస కొనలకు పేరుకొనిన మంచుపలుకులు, తడిసిన పడవచెక్కల గీతలు, గడ్డి విఱిగిపడిన బురద యంచులు, వీనిని మండుటెండ నలుపు తెలుపులుగా చీల్చివైచును. మబ్బువెలుగు వానిని నిమిరినట్లు మెల్లగా చూపును.

ఇట్టి సున్నితమైన వన్నెలు కాగితముపై నిలువవలెనన్న కాగితమును తగినదై యుండవలెను. నాడు వాడుకలో నున్న వెండిలవణపు కాగితములు గ్రుడ్డుసొన పూతతో నిగనిగలాడుచు, కాలక్రమమున వన్నె తగ్గి పసుపు తిరిగెడివి. ఎమర్సన్ ప్లాటినము కాగితమును ఎన్నుకొనెను. అందు బొమ్మ పైపూతలో గాక కాగితపు నారలలోనే యేర్పడును. అది మెఱయదు, వన్నె తఱుగదు. నలుపునకును తెలుపునకును నడుమ నుండు బూడిదవన్నెలన్నియు అందు మెట్టుమెట్టుగా కనబడును. తరువాత ఆయన రాగిఱేకుపై చిత్రమును చెక్కి సిరాతో అచ్చొత్తు ఫోటోగ్రావ్యూర్ అను పద్ధతిని స్వయముగా నేర్చి, తన పుస్తకములకు ఱేకులను తానే సిద్ధపఱచుకొనెను.

1889 లో ఎమర్సన్ తన సిద్ధాంతమునంతయు ఒక గ్రంథముగా ప్రకటించెను. సహజ ఛాయాచిత్రణము అని దాని పేరునకు అర్థము. జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్‌జ్ నేత్రమును గూర్చి చేసిన పరిశోధనలను ఆయన ఆధారముగా గైకొనెను. మన కన్ను ఒక దృశ్యమును చూచునపుడు, దృష్టి నిలిపిన చోటు మాత్రమే స్పష్టముగా కనబడును. చుట్టునున్నది కొంత మసకగా నుండును. కావున చిత్రమునందును ముఖ్యవస్తువును స్పష్టముగాను, తక్కినదానిని కొంచెము మెత్తగాను చూపుట న్యాయమని ఆయన వాదించెను. ఐతే ఆ మెత్తదనము వస్తువుల రూపమును చెఱుపరాదని హెచ్చరించెను. నెగెటివుపై కలముతో దిద్దుట, పలుచిత్రము లతుకుట నింద్యములని కంఠోక్తిగా చెప్పెను. ఈ గ్రంథము ఛాయాచిత్రకారులలో గొప్ప కలకలము పుట్టించెను. రాబిన్సన్ మొదలగువారు పత్రికలలో ఆయనను ఎదిరించిరి. ఎమర్సన్ కోపస్వభావుడు, మాటకు మాట బదులు చెప్పక మానువాడు గాడు. జార్జి డేవిసన్ అనునతడు 1890 లో కటకమునకు బదులు సూదిబెజ్జము నుపయోగించి ఉల్లితోట చిత్రమును మసకమసకగా తీసి మెప్పుపొందెను. తన బోధ హద్దుమీఱినదని ఎమర్సన్ అతనితోను కలహించెను.

కోపి యైనను ఆయన గుణగ్రాహి. 1887 లో ఒక పత్రిక నడపిన పోటీకి న్యాయనిర్ణేతగా నుండి, బెర్లినులో చదువుచుండిన పేరులేని యువకునికి ప్రథమ బహుమానము నిచ్చెను. ఆ యువకుడే ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్. తరువాత అమెరికాలో ఛాయాచిత్రకళకు అతడు పెద్దదిక్కయ్యెను. 1893 లో న్యూయార్కు నగరమున మంచుతుపానులో గంటలతరబడి నిలువబడి అతడు తీసిన వీథి చిత్రము జగద్విదితము. చెడువాతావరణము కెమేరాకు శత్రువు గాదను పాఠము ఈ విధముగా సముద్రము దాటెను.

ఎమర్సన్ కీర్తి ఉచ్చస్థితిలో నుండగా ఆయన జీవితమున గొప్ప పరీక్ష సంభవించెను. ఫెర్డినాండ్ హర్టర్, వెరో చార్లెస్ డ్రిఫీల్డ్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు 1890 లో తమ పరిశోధనాఫలమును ప్రకటించిరి. గాజుఫలకపై ఏ భాగమున ఎంత వెలుగు పడునో, దానిని బట్టి ఆ భాగము ఎంత నల్లబాఱవలెనో నిర్ణయమగునని వారు కొలతలతో చూపిరి. ఫలకను రసాయనద్రావణమున ఎక్కువసేపు ఉంచినచో మొత్తము నలుపు హెచ్చునే కాని, ఆయా భాగముల నడుమ నుండు సంబంధమును కళాకారుడు తన యిష్టము వచ్చినట్లు మార్చజాలడని తేల్చిరి. ఎమర్సన్ అంతవఱకు నమ్మిన దిందుకు విరుద్ధము. చిత్రకారుడు కుంచెతో వన్నెలను మార్చునట్లే, ఛాయాచిత్రకారుడు ద్రావణముతో వానిని తన కన్నునకు తోచిన రీతిని మలచుకొనగలడని ఆయన బోధించియుండెను. అట్టి స్వాతంత్ర్యమే లేనిచో ఛాయాచిత్రము చిత్రలేఖనముతో సరితూగు కళ యెట్లగును? ఆ దినములలోనే ఒక గొప్ప చిత్రకారునితో జరిగిన సంభాషణయు ఆయన సందేహమును బలపఱచెను.

ఎమర్సన్ ఊరకుండవచ్చును. ఆయన పుస్తకమును చదివి మెచ్చుకొనినవారు వేలకొలది యుండిరి. ప్రత్యర్థులు ఆయన యోటమికై కాచుకొనియుండిరి. తప్పు నొప్పుకొన్నచో శిష్యులు చెదరుదురు, శత్రువులు నవ్వుదురు. ఐనను సత్యము తెలిసిన పిమ్మట దానిని దాచుట ఆయనకు సాధ్యము కాలేదు. 1891 సంవత్సరారంభమున, మరణవార్తలకువలె నల్లని అంచు గీయించి, ఒక చిన్న పుస్తకము నచ్చొత్తించెను. సహజ ఛాయాచిత్రణము మరణించెనని దాని పేరు. ఛాయాచిత్రము ఉత్తమకళ యని తాను చెప్పినది పొరపాటనియు, తన మాట నమ్మినవారు క్షమింపవలెననియు దాని సారాంశము. 1899 లో తన మూలగ్రంథమును మూడవమాఱు ముద్రించినపుడు, ఛాయాచిత్రణము కళ గాదను ప్రకరణమును చివర చేర్చెను.

కళ గాదని చాటినవాడు కెమేరాను పాఱవైచెనా? లేదు. ఆ పుస్తకము వెలువడిన చలికాలముననే ఆయన సరస్సుల నడుమ నుండెను. 1890 సెప్టెంబరునుండి 1891 ఆగస్టువఱకు, దాదాపు ఒక సంవత్సరము, సరకులు మోయు తెఱచాపపడవ నొకదానిని నివాసయోగ్యముగా మార్చుకొని అందు కాపురముండెను. ఆ పడవ పేరునకు మంచుకన్య యని అర్థము. ఆ యేట ఇంగ్లండున చలి భయంకరముగా నుండెను. దినదినము తాను చూచిన పక్షులను, గాలిని, నీటిని, మనుష్యులను గూర్చి వ్రాసిన పుస్తకమును 1893 లో ప్రకటించెను.

1895 లో ఆయన చివరి చిత్రగ్రంథము వెలువడెను. దాని పేరునకు చిత్తడినేల ఆకులని అర్థము. అందు 16 చిత్రములు కలవు. మంచు పఱచుకొన్న నది, ఒంటరియైన సరస్సు, నీట నిలిచిన కలుపుమొక్కలు, హిమము కప్పిన తోట అందలి విషయములు. తొలిగ్రంథమున కనిపించిన జనసందడి ఇందు లేదు. కొన్నిటియందు చిత్రములో సగమునకు పైగా తెల్లని మంచే. ఆ తెలుపులో నాలుగు పుల్లలు, నీటిలో వాని నాలుగు నీడలు మాత్రమే యుండును. చూచినవానికి ఆ చలియు, ఆ నిశ్శబ్దమును అనుభవమునకు వచ్చును. కళ యను పేరుకై వాదించిన కాలముకంటె, ఆ వాదమును విడిచిన పిమ్మట ప్రకటించిన ఈ చిత్రములే ఆయన కృతులలో మిక్కిలి సున్నితమైనవని విమర్శకులు పెక్కుమంది తలంతురు.

ఆ తరువాత ఎమర్సన్ కొత్త చిత్రములను ప్రకటింపలేదు. తన వంశచరిత్ర వ్రాసెను, కథలు వ్రాసెను. 1925 నుండి, ఉత్తమ ఛాయాచిత్రకారులని తాను తలచినవారికి, మృతులకును జీవించియున్నవారికిని, తన పేర పతకము లిచ్చుచుండెను. ఛాయాచిత్రకళాచరిత్రను గూర్చి వార్ధకమున ఒక బృహద్గ్రంథము రచించెను గాని అది అచ్చు కాలేదు. 1936 మే 12 వ తేదీన, ఎనుబదియవ జన్మదినమునకు ఒక్క దినము ముందు, ఇంగ్లండు నైరృతిదిశ నున్న ఫాల్మత్ పట్టణమున ఆయన కన్నుమూసెను.

ఛాయాచిత్రణము కళయగునా కాదా యను వివాదమున లోకము ఎమర్సన్ చివరిమాటను అంగీకరింపలేదు. నేడు ఆయన చిత్రములే గొప్ప కళాశాలలలో భద్రపఱపబడి యున్నవి. ఆయన చూపిన కిక్కిస మోపులు, తెఱచాపపడవలు, ఆ నీటియొడ్డు జీవనము చాలవఱకు అంతరించెను. వాని రూపము ఆ ప్లాటినము కాగితములపై నిలిచియున్నది. మసక దినమును తెగడక దానియందలి వెలుగును ఓపికతో వెదకిన కన్నును, తనకు కీర్తి తెచ్చిన మాటయైనను తప్పని తెలిసినపుడు విడిచిన మనస్సును ఎమర్సన్ యందు ఒక్కచోట నుండెను. కన్నునకు తోచినదానిని మార్పక చూపుటయే రెండింటికిని మూలము.